కాపీలో లేని మాట

"పెళ్ళికూతురు చేతినిండా తెల్లటి పిండి పట్టుకుని చర్చిలోకి నడిచిందట! చదివారా? ఊరంతా చదివింది!"

లినెట్ గ్రీవ్స్ నాతో ఆడిన మొదటి సొంత మాట ఇది. ఆ వారం పేపరు నా బల్లమీద విసిరి మరీ అడిగింది.

మా ఇంగ్లీషుకో జబ్బుంది. పువ్వునీ పిండినీ 'ఫ్లవర్' అనే పలుకుతాం, రాతలోనే తేడా. అచ్చు పేర్చినవాడు పువ్వుల బదులు పిండి పేర్చాడు. పట్టుకోవలసినవాణ్ణి నేను, ప్రూఫులు దిద్దేవాణ్ణి. పట్టుకోలేదు. పెళ్ళికూతురు తల్లి కింద కౌంటరు దగ్గర గొడుగు ఊపుతూ అరుస్తోంది.

"మీరు పువ్వులనే చదివారు, నాకు పువ్వులనే వినపడింది," అన్నాను.

"విలేకరులు రాసిచ్చిన కాపీ చూసి నేను పైకి చదువుతాను, మీరు అచ్చు చూడాలి. అదీ పద్ధతి. వినడానికా మీకు జీతం? కళ్ళెక్కడ పెట్టారు?"

"కాగితమ్మీదే."

"చెవులతో చదివితే ఇంతే మరి!"

మూల కుర్చీలోంచి ప్రూఫుల గదికి పెద్ద, మా హెడ్ రీడర్ బూత్రాయిడ్ గారు నోట్లో పైపు తీశారు. "ఈ గదిలో కాపీలో లేని మాట వినపడకూడదు. తెలిసిందా అమ్మాయ్? ఆర్నాల్డ్, నువ్వూ నోర్ముయ్."

అదీ ఆ గది చట్టం. యార్క్‌షైర్‌లో మాదొక చిన్న ఊరు, దానికో చిన్న వారపత్రిక, దాని పైఅంతస్తులో ఆ గది.

మర్నాడు ఆమె చదువుతూ చదువుతూ బల్లమీద వేలితో టక్కున కొట్టింది. ఉలిక్కిపడి చూశాను. కొత్త దంపతులు స్కార్‌బరోలో ఒక 'వీక్' గడుపుతారట. వారానికీ నీరసానికీ మాకు ఒకటే పలుకు. సముద్రం ఒడ్డున ఒక నీరసం గడుపుతారని అచ్చయి కూచుంది. దిద్దాను. ఆమె నవ్వు మింగిన చప్పుడు వినపడింది.

అప్పట్నుంచి అదే మా ఏర్పాటు. ఒకేలా పలికే కవల ఉన్న మాట వస్తే టక్. నేను చెవులు వదిలేసి కళ్ళు పెట్టాలి. కూరగాయల పోటీల వార్త వచ్చినప్పుడైతే చెప్పక్కర్లేదు. ఉల్లికాడలాంటి లీక్ కూర పండించి మిసెస్ హర్స్ట్ మొదటి బహుమతి కొట్టింది. అచ్చులో మాత్రం అది కొళాయి కారే లీక్ అయింది. జిల్లాలోకెల్లా పెద్ద లీక్ ఆవిడదేనట.

"పాపం, ప్లంబరు దొరకలేదేమో," అని గొణిగింది లినెట్.

"కాపీ!" అని గర్జించారు బూత్రాయిడ్ గారు.

మా ఇద్దరి మధ్యా ఎత్తుగా ఏటవాలు చెక్క ఉండేది. ఆమె కళ్ళు కాపీమీద, నావి ప్రూఫుమీద. సిరా అంటకుండా బూడిదరంగు ఓవరాలు, తలకి గుడ్డ. ఆమె వేళ్ళు నాకు బాగా తెలుసు, గొంతు ఇంకా బాగా తెలుసు. ముఖంలోకి తిన్నగా చూసే ధైర్యం మాత్రం లేదు.

అమ్మ పోయాక మిసెస్ క్రాబ్‌ట్రీ ఇంట్లో పైగదిలో ఉండేవాణ్ణి. ఆవిడకి బ్రహ్మచెవుడు. సాయంత్రం పోర్క్ పై, అదే పంది మాంసం కూరిన రొట్టె, కోసుకుని తింటుంటే కత్తి పళ్ళేనికి తగిలిన చప్పుడే నాకు తోడు. ఒక్కోసారి సోమవారం పొద్దున్న గొంతు పెగిలేది కాదు. శుక్రవారం నుంచీ వాడితేగా!

రోజంతా ఒక అమ్మాయి నాకు చదివి వినిపించేది. ఎవరి పెళ్ళిళ్ళో, ఎవరి చావులో, ఎవరింట్లోనో పిల్లికూనలు కావాలంటే ఇస్తారని. వాటిల్లో ఒక్కటీ నాకోసం చెప్పింది కాదు. అయినా ఆ గొంతు కోసమే సోమవారం ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉండేవాణ్ణి. నవ్వుకోండి, నాకేం.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒకసారి మెట్లు దిగుతూ ఆమే అడిగింది, "శని ఆదివారాలు ఏం చేస్తుంటారు?"

"శనివారం మార్కెట్లో పై కొనుక్కుంటాను."

"ఆదివారం?"

"అది తింటాను."

"నేనూ అంతే," అంది. పై తింటాననా, ఒంటరిగా ఉంటాననా? అడగాలి కదా! అడగలేదు. మొద్దుని.

తరవాతి శనివారం మార్కెట్ దగ్గర వాన జోరుగా కురుస్తోంది. పై చంకలో పెట్టుకుని వస్తుంటే ఎదురుగా ఒకావిడ, ఎర్ర కోటు, తడిసిన రాగిరంగు జుట్టు. ఎంత బాగుందో! నన్ను చూసి నవ్వింది. మనల్ని చూసి అంత బాగున్నవాళ్ళు నవ్వడమేమిటని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మూసేసిన చేపల కొట్టు, వాన, అంతే. తలొంచుకుని గబగబా రోడ్డు దాటేశాను.

సోమవారం లినెట్ గొంతు చల్లగా ఉంది. టక్కులు లేవు. మంగళవారమూ లేవు. చెక్కకి అటువైపు మనిషే లేనట్టుంది. బుధవారం బూత్రాయిడ్ గారి ముందు నిలబడి అంది, "లీడ్స్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు సర్. వెళ్దామా మానుదామా అనుకున్నాను గానీ, ఇక వెళ్తాను. శుక్రవారం దాకే ఉంటాను."

నేను ప్రూఫుమీంచి తల ఎత్తలేదు. అక్షరాలు అలుక్కుపోయాయి. ఇంతకాలం నాకు మిగిలిందల్లా అరువు మాటలే, ఇప్పుడు అవి కూడా పోతున్నాయని ఏడుపొచ్చింది.

శుక్రవారం నేను ఆలస్యంగా వచ్చాను. ఆమె అప్పటికే చదవడానికి కూచుంది. తలుపు వెనక మేకుకి ఎర్ర కోటు వేలాడుతోంది.

శనివారం వానలో నన్ను చూసి నవ్విన కోటు.

ఆఖరి ప్రూఫు ఎవరో ముసలాయన చావు కబురు. "పువ్వులు పంపవద్దని మనవి," అని చదివింది లినెట్. అలవాటు చొప్పున వేలు దానంతటదే లేచి టక్కుమంది. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తప్పుంది," అన్నాను.

"ఎక్కడ?" అన్నారు బూత్రాయిడ్ గారు.

"నాలో సర్." లేచి నిలబడ్డాను. చెక్క మీదుగా మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాను. "శనివారం మార్కెట్ దగ్గర, ఆ ఎర్ర కోటు మీరేనా?"

"ఇప్పుడా అడగడం? చూసీ చూడనట్టు పారిపోయారుగా! నేనేమన్నా పులినా?"

"నవ్వారు..."

"నవ్వాను, సిగ్గులేక! మీరేమో వెనక్కి చూశారు. వెనకెవరున్నారు?"

"ఎవరూ లేరు. అందుకే భయమేసింది. అంత బాగున్న మనిషి నన్ను చూసి నవ్వుతుందని నేనెలా అనుకుంటాను?"

"అంటే... నన్ను గుర్తే పట్టలేదా? రెండేళ్ళు ఎదురుగా కూచున్నా?"

"ఒక్క మాట మాట్లాడినా గుర్తుపట్టేవాణ్ణి. చీకట్లోనైనా సరే."

కుర్చీ కిర్రుమంది. "నేను టీ పెట్టుకొస్తాను," అన్నారు బూత్రాయిడ్ గారు. ఆయన జన్మలో టీ పెట్టి ఎరగరు. గుమ్మం దగ్గర ఆగి, "కాపీ ఉన్నా లేకపోయినా మాట్లాడెయ్యి అబ్బాయ్. నేను కూడా ఒకప్పుడు నోర్మూసుకునే ఒంటిగాణ్ణయ్యాను," అని తలుపు వేసి వెళ్ళారు.

"మీరంటే నాకు ప్రాణం, లినెట్," అన్నాను. రెండేళ్ళుగా గొంతులో ఉన్న మాట, ఎంత తొందరగా అయిపోయిందో!

ఆమె కళ్ళు తుడుచుకుంది. "మా ఇల్లు ఊరికి ఆ చివర. మార్కెట్టుకి ఎందుకొచ్చాననుకున్నారు, క్యాబేజీకా? మీరు పై కొంటారని చెప్పారనే. ఆ కోటు కూడా అందుకే."

"వెళ్ళకండి."

"మాటిచ్చేశాను. వెళ్ళాలి." తలగుడ్డ సర్దుకుంటూ అంది, "లీడ్స్‌కి రైలుంది. శనివారాలు కూడా ఉంటుంది."

ఆ తరవాతి వారమంతా బూత్రాయిడ్ గారే నాకు చదివారు. గొంతు గరగర, టక్కులు లేవు, నిమిషానికోసారి దగ్గు. సాయంత్రాలు పళ్ళెం మీద కత్తి చప్పుడు వింటూ వేళ్ళతో బల్ల కొట్టుకునేవాణ్ణి. ఆమె మనసు మార్చుకుని ఉంటే? లీడ్స్ పెద్ద ఊరు, మనుషులు బోలెడుమంది.

శనివారం రైలు దిగేసరికి అక్కడా వానే. ప్లాట్‌ఫారం మీద ఇసకేస్తే రాలనంత జనం. దూరంగా గడియారం కింద ఎర్ర కోటు. చెయ్యెత్తి నవ్వింది.

నా వెనక ఎంతమందో ఉన్నారు. నేను తిరిగి చూడలేదు.