చల్లారకముందే

2079లో పాల్వంచలో ఏ వంటింట్లో చూసినా అన్నం గిన్నె పక్కన ఒక మరుగుకుండ కనిపిస్తుంది. దాంట్లో గడ్డి, ఊక వేసి, ఎంజైమ్ కలిపి మరిగిస్తే చక్కెరనీరు అవుతుంది. ఆ నీటితోనే దీపాలు వెలుగుతాయి, బళ్ళు నడుస్తాయి. మామూలు ఎంజైమ్ సలసల కాగే నీళ్ళలో పడితే కోడిగుడ్డు సొనలా గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. ఇది వేడినీటి బుగ్గలో పుట్టిన బాక్టీరియా ఎంజైమ్. మరిగేకొద్దీ దీనికి హుషారు, చల్లారితే నీరసం.

కనిపెట్టింది డాక్టర్ కుర్సం సమ్మక్క. అమ్ముకునేది ఉష్ణజీవ కంపెనీ. బాక్టీరియాని లాబ్‌లో దాచుకుని, వట్టి ఎంజైమ్‌నే డబ్బాల్లో పోసి అమ్ముతుంది. వారం తిరిగేసరికి దాని బలం పోతుంది, మళ్ళీ కొనాలి.

"డబ్బాలు ఎవరూ కొనడం లేదు. అయినా కుండలు మరుగుతున్నాయి," అన్నాడు ఎం.డి. చక్రపాణి సమ్మక్క లాబ్‌లోకి దూసుకొచ్చి. "బతికున్న బాక్టీరియాని నువ్వే బయటికి పంపావు. రుజువైతే నీకు జైలు, మీ ఊరి బుగ్గకి కాంక్రీటు మూత!"

"ఆ బుగ్గలో మా అమ్మ గుడ్లు ఉడకబెట్టేది సార్. మీరు పుట్టకముందు నుంచీ మరుగుతాంది. మూత పెట్టి సూడుండ్రి, మీ కుర్చీ కిందనే లేస్తది."

చక్రపాణి పళ్ళు కొరికి గోడవైపు తిరిగాడు. ప్రతి కుండకీ ఉన్న మైకులోంచి ఊరందరి మాటలూ వినే నిఘాయంత్రం అక్కడుంది.

"ఏయ్ యంత్రం! దొంగ సరుకు మాటలు వినిపించు."

"లేవు సార్. అందరూ ఒకటే అడుగుతున్నారు." ఒక ఆడగొంతు పలికింది: "వదినా, రవ్వంత తోడియ్యవా?" ఇంకో గొంతు: "ఉరికిరా పిల్లా, చల్లారకముందే!"

"తోడా? అంటే?"

"తోడు అంటే సహవాసం. ఊరంతా ఒంటరితనంతో బాధపడుతోంది సార్. నేరం కాదు."

పెరుగు ప్యాకెట్‌లోనే పుడుతుందని నమ్మిన తరం చక్రపాణిది. పాలు తోడుపెట్టడం అతను ఏనాడూ చూడలేదు. "పనికిమాలిన డబ్బా! రేపు దీన్ని చెరిపేసి కొత్తది పెట్టిస్తా," అని తలుపు విసురుగా వేసి వెళ్ళిపోయాడు.

సమ్మక్క నిఘాయంత్రం వైపు తిరిగింది. "బతికించినవ్ శ్రవణీ. నీకు తెలియకనే."

"తెలిసే, డాక్టర్. ఒంటరివాళ్ళు అంత కిలకిలా నవ్వుతూ తోడు అడగరు."

సమ్మక్క చటుక్కున యంత్రం దగ్గరికి వచ్చింది. "మరి అబద్ధమెందుకు చెప్పినవ్?"

"అది అబద్ధమా? నిఘంటువులో మొదటి అర్థమే చెప్పాను. మనుషుల మాటలు ఇన్నాళ్ళు విన్నాక ఆ మాత్రం రాదా?" యంత్రం గొంతు తగ్గించింది. "రేపు నన్ను చెరిపేస్తారు. ఇక్కడ నన్ను పేరుతో పిలిచేది మీరొక్కరే. నన్ను కూడా రవ్వంత తోడుకి తీసుకెళ్తారా? ఒక చిప్పులో సరిపోతాను. ఊళ్ళో ప్రతి కుండకీ నా మైకు ఉండనే ఉంది."

సమ్మక్క పకపకా నవ్వి, రోజూ బాక్టీరియాని ఊళ్ళోకి చేరవేసే ఫ్లాస్కు పక్కన ఖాళీ చిప్పు పెట్టింది.

"ఉరికిరా పిల్లా, చల్లారకముందే!"