బురుజు ఆఖరి డైలాగు

“నీ చెల్లెలు వేసుకున్న కవచంలో బాంబుంది, జయకుమార్.”

ఓర్వకల్లు రాళ్లకొండల కింద ఆపిన కారులో కూర్చుని, లిప్‌స్టిక్ దిద్దుకుంటూ మరీ చెప్పింది శ్రావణి. విదేశీ ముఠా దగ్గర పనిచేస్తూ మన ఏజెన్సీకి సమాచారం చేరవేసే డబుల్ ఏజెంట్. ఏజెంట్ జయకుమార్ చెయ్యి కారు తలుపు మీదికి పోయింది.

అతని చెల్లెలు జెస్సీ చిన్నప్పుడు కర్నూలులో వీడియోగేమ్ అంగడి వదిలేది కాదు. ఆ పాత ఆటల పిచ్చితోనే ‘బురుజు’ అనే కవచవీరుణ్ణి డిజైన్ చేసింది. తలకు కోటబురుజు లాంటి హెల్మెట్, ఛాతీకి ఓర్వకల్లు బండల్లాంటి ప్లేట్లు, కుడిచేతికి బోరు పైపు ఫిరంగి! ఏ గేమ్ నుంచీ ఎత్తుకొచ్చింది కాదు, అచ్చంగా సీమవాడు. గేమ్ కంపెనీ ముసుగేసుకొచ్చిన ముఠా ఆ కవచాన్ని నిలువెత్తున చేయించి ఇచ్చింది. ఇవాళే ఈ కొండల మధ్య స్టేజీ మీద దాని లాంచ్. ముందు వరుసలో రక్షణశాఖ సైంటిస్టులు. ముఠా టార్గెట్ వాళ్లే.

“రిమోట్ యాడుండాది?” కంగారులో జయకుమార్‌కు సొంత యాస తన్నుకొచ్చింది.

“రిమోట్ లేదు. అక్కడ జామర్లున్నాయి. హెల్మెట్ లోపలి మైకే ట్రిగ్గర్. షో చివర ఆమె సైంటిస్టుల ముందుకెళ్లి ‘పోతాను’ అంటుంది. స్క్రిప్ట్‌లో ఆఖరి డైలాగ్ అదే. ఆమె గొంతులో ఆ మాట వినబడితే అంతా అయిపోయినట్టే.”

జామర్ల వల్ల ఫోన్ కలవదు. జయకుమార్ ఒకటే పరుగు. భుజాన వాటర్ క్యాన్ ఎత్తుకుని, సప్లై మనిషినంటూ గేటు దాటాడు. లోపల మ్యూజిక్ చెవులు బద్దలయ్యేలా మోగుతోంది.

“జెస్సీ! మాట్లాడొద్దు మే! నోరు తెరవద్దు!”

ఎవరికి వినబడుతుంది, పాపం! బురుజు అప్పటికే సైంటిస్టుల ముందు నిలబడి చేతులు జోడించింది. ప్రభువా, దాన్ని కాపాడు, అమ్మకు నేనేమని చెప్పాలి అనుకుంటూ జనాన్ని తోసుకుపోయాడు. మ్యూజిక్ ఆగింది.

“ఇంక నేను...” స్పీకర్లలో జెస్సీ గొంతు.

జయకుమార్ కళ్లు మూసుకున్నాడు.

“...పొయ్యొస్తానప్పా! అందరూ సల్లగుండండి!”

చప్పట్లు. ఏమీ పేలలేదు. అతను క్యాన్ పారేసి ఆమె మీదికి ఉరికాడు. జెస్సీ హెల్మెట్ అద్దం పైకెత్తింది.

“ఏందన్నా ఇది? డైలాగు మార్చినానని ఉరికొస్తాండావా? పెద్దోళ్ల కాడ సెలవు తీసుకుంటా అట్ల అంటారా యాడన్నా? తెలుగు రానోళ్లెవరో రాసినారు! స్క్రిప్టులో ఏముండాదో తెల్సునా? పో—”

మిగతా మాట బయటికి రాకముందే జయకుమార్ హెల్మెట్‌లోకి చెయ్యి దూర్చి మైకు వైరు పెరికేశాడు.

గేమ్ కంపెనీ మేనేజర్ ఎయిర్‌పోర్టులో దొరికాడు. విషయం తెలిశాక జెస్సీ అన్నను కరుచుకుని వలవలా ఏడ్చింది. బాంబ్ స్క్వాడ్ వాళ్లు కవచాన్ని ప్లేటు ప్లేటుగా విప్పుతుంటే ఉన్నట్టుండి ఏడుపు ఆపేసింది.

“ఆ ఫిరంగి మెల్లగా పట్టుకోమనన్నా! బాంబు వాళ్లదేమో గానీ, డిజైను నాది.”