ఆదివారం తప్పులు

ఆ ఆదివారం మధ్యాహ్నం జమ్మలమడుగు ఇంట్లో ఉన్నది నలుగురు.

సాక్షి సిరాజుద్దీన్, నలభై రెండేళ్లు, కువైట్‌లో ఏసీ మెకానిక్. వంట మాబున్ని, ఆ ఇల్లు ఆమెదే. కాపలాకు హెడ్ కానిస్టేబుల్ నాగభూషణం, అద్దెకున్నవాడి వేషంలో, లుంగీ కింద పాత రివాల్వర్. ఇంకొకరు ఏజెంట్ సింధూ. నూలు చుడీదార్ వేసుకున్నా వీధంతా తిరిగి చూసే మనిషి. వీళ్లు కాక చాప మీద ఒక యుకులేలే ఉంది. గిటార్‌కు చెల్లెలంత ఉండే నాలుగు తీగల వాయిద్యం.

ఐదో మనిషి ఏజెంట్ నాగశ్రీ ఇంకా బస్సులో ఉంది.

పులివెందులలో ఖాళీ చేసిన ఇంటి తాళాలు అప్పజెప్పి వస్తోంది. ఐదు వారాల్లో ఇది మూడో ఇల్లు. ఆమె వేషం నైటీలు అమ్మే ఆమెది. ఆ సంచి నిజంగానే బరువు. పందొమ్మిదేళ్ల సర్వీసులో ఎన్నో వేషాలు వేసింది కానీ, మోకాళ్లకు ఇంతగా నొప్పి పుట్టించిన వేషం ఇంకోటి లేదు. సీటు కిటికీ పక్కనే దొరికింది. ఎండ కూడా అటువైపే ఉంది.

కేసు చిన్నది. కువైట్‌లో ఒక విల్లాలో ఏసీ బాగుచేస్తూ నిచ్చెన మీద నిలబడి ఉండగా, సిరాజుద్దీన్ కింద గదిలో ఒక దృశ్యం చూశాడు. మన దేశపు పెద్ద అధికారి ఒకడు విదేశీ ముఠా చేతికి మ్యాపులు ఇస్తున్నాడు. ఆ ముఖం చూసిన మనిషి సిరాజుద్దీన్ ఒక్కడే. మంగళవారం ఢిల్లీలో ఆ ముఖాన్ని గుర్తుపట్టి చెప్పాలి. మంగళవారం దాకా బతికి ఉండాలి. మొత్తం ఆపరేషన్ అంతే.

కానీ ఏ ఇంట్లో పెట్టినా ముఠాకు తెలిసిపోతోంది. పులివెందులలో మూడు గంటలకు వచ్చారు. వెనక గోడ దూకించి, అరటికాయల లారీ ఎక్కించి సిరాజుద్దీన్‌ను తప్పించారు. ప్రొద్దుటూరులో ఆరు గంటలకు వచ్చారు. సందులో పెళ్లి ఊరేగింపు అడ్డం పడింది కాబట్టి సరిపోయింది. రెండుసార్లూ ఆదివారమే.

ఈ ఇళ్లకు రాకముందు, కడపలో దాచినప్పుడే, నాగశ్రీ సిరాజుద్దీన్‌నే అనుమానించింది. కారణం నాలుగు తీగల సంఘం.

అది ఫోన్‌లో నడిచే గ్రూపు. మూడువందల పన్నెండు మంది. కువైట్ క్యాంపులో ఒక ఫిలిప్పీన్స్ రూమ్మేట్ దగ్గర యుకులేలే నేర్చుకున్న సిరాజుద్దీన్, తన భాషలో నేర్పేవాళ్లు లేరని తానే మొదలుపెట్టాడు. గ్రూపులో అతని పేరు ఏసీ భాయ్. చక్రాయపేట టీచర్ నుంచి మస్కట్ డ్రైవర్ దాకా అందరూ అతని శిష్యులే. ప్రతి ఆదివారం అందరూ ఒకే పాఠం వాయించి రికార్డింగ్ పెట్టాలి. ఆ పద్ధతికి వాళ్లు పెట్టుకున్న పేరు ఆదివారం తప్పులు. నియమం ఒక్కటే: కోత వద్దు. తప్పు దొర్లితే దొర్లనీ, కుక్కర్ కూత వేస్తే వేయనీ, ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. కొత్తవాళ్లకు ధైర్యం రావాలంటే పాతవాళ్ల తప్పులు వినబడాలని అతని పట్టుదల.

ప్రాణభయంతో దాక్కున్న మనిషి, వారం వారం తన గది చప్పుళ్లన్నీ మూడువందల మందికి వినిపిస్తున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజు నాగశ్రీకి కోపం కూడా రాలేదు, నీరసం వచ్చింది. అతని ఫోన్ లాక్కున్నారు. అతను బతిమాలలేదు. వచ్చే ఆదివారం ఎవరైనా తనను అడిగితే ఒంట్లో బాగలేదని చెప్పమన్నాడు, అంతే.

గ్రూపులో ముఠా మనుషులున్నారేమోనని నిఘాకు గూఢచారి శాఖ ఇద్దరిని పంపింది, సింధూ, నాగశ్రీ. మూడు నెలలు కడప క్వార్టర్స్‌లో ఒకే గదిలో ఇద్దరూ నేర్చుకున్నారు. సింధూకు వెంటనే వచ్చేసింది. ఆమే నాగశ్రీ బొటనవేలు పట్టుకుని నేర్పింది. సింధూ గ్రూపులో వెలిగిపోయింది. నాగశ్రీ ‘అరటితోట’ అనే పేరుతో చేరి, ఇంతవరకు ఒక్క రికార్డింగూ పెట్టలేదు. నిఘాకు అవసరం లేదని రిపోర్టులో రాసింది. నిజానికి సిగ్గు. ప్రతి శనివారం రికార్డు చేసేది, ప్రతి ఆదివారం తుడిచేసేది. ఇ కార్డ్ అనే స్వరాల కలయిక దగ్గర, అంటే మూడు వేళ్లు ఒకే మెట్టు మీద ఇరికించి పట్టాల్సిన చోట, ఆమె చేయి ప్రతిసారీ ఆగిపోయేది.

బస్సు ముద్దనూరులో ఆగింది. రెండూ యాభై. నాగశ్రీ ఇయర్‌ఫోన్ పెట్టుకుని, అలవాటుగా సింధూ ఆ రోజు పెట్టిన రికార్డింగ్ విన్నది.

పాఠంలో నాలుగు వరుసలు. సింధూ చివరి వరుసలో ఇ కార్డ్ శుభ్రంగా పట్టింది. కానీ మొదటి వరుసలో సి కార్డ్ దగ్గర నాలుగుసార్లు తప్పింది.

నాగశ్రీ మళ్లీ విన్నది. సి అంటే ఒక్క వేలు. మొదటి రోజు మొదటి పది నిమిషాల్లో నేర్పేది. ఇ పట్టగలిగిన చేయి సి దగ్గర తప్పదు. తప్పాలనుకుంటేనే తప్పుతుంది.

పాత రికార్డింగులు తీసింది. పులివెందులలో ఉన్న ఆదివారం మూడో వరుసలో మూడు తప్పులు. ప్రొద్దుటూరులో ఉన్న ఆదివారం రెండో వరుసలో ఆరు. వరుస ఊరు, తప్పులు గంట. ఇళ్ల అడ్రసులు ముందే చేరి ఉంటాయి. ఆ రెండు రోజులూ ముఠా రావడానికి ముందు సింధూ మాత్రల కోసం మందుల షాపుకు వెళ్లింది. టీమ్ ఫోన్లన్నీ శాఖ వింటుంది. వినడానికి ఏమీ లేదని వదిలేసింది ఈ గ్రూపునొక్కదాన్నే.

మొదటి వరుస అంటే జమ్మలమడుగు. నాలుగు తప్పులంటే నాలుగు గంటలు.

ఆమె కడపలో చీఫ్ అనిరుధ్‌కు ఫోన్ చేసింది. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. ఇంటికి ఫోన్ చేయవద్దన్నాడు, సింధూకు అనుమానం వస్తే పని తానే ముగించేస్తుంది. స్థానికంగా ఎవరికీ చెప్పవద్దన్నాడు, ఎక్కడెక్కడ చిల్లులున్నాయో తెలియదు. తన మనుషులతో బయలుదేరినా, నాలుగూ నలభైకి ప్రొద్దుటూరు, ఐదుంపావుకు గానీ జమ్మలమడుగు చేరలేడు.

“అప్పటిదాకా మేనేజ్ చెయ్యి,” అన్నాడు.

పందొమ్మిదేళ్లుగా ఆమెకు వస్తున్న ఆర్డర్ అదే.

* * *

మూడూ ఇరవైకి నాగశ్రీ సందులోకి వచ్చింది. సందు మొదట్లో, టీ అంగడి పక్కన, తెల్ల వ్యాన్ అప్పుడే నిలబడి ఉంది. సందుకు ఇంకో దారి లేదు. డ్రైవర్ నైటీల సంచి వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు.

తలుపు తట్టి కోడ్ చెప్పింది. “నైటీలు తెచ్చినా. పెద్ద సైజు లేవు.”

లోపలినుంచి రావాల్సిన జవాబు, మాకు చిన్న సైజే కావాల అని. మాబున్ని ఎప్పుడూ ఆ మాట చెప్పలేదు.

“పోయినసారి ఇచ్చింది రంగు పోయిందిమే,” అంటూ తలుపు తీసింది.

హాల్లో సింధూ చాప మీద కూర్చుని వాచీ చూసుకుంటోంది. సిరాజుద్దీన్ యుకులేలే తీగ సవరిస్తున్నాడు. దాని తలకు చిన్న క్లిప్పు బిగించి ఉంది. చూసేవాళ్లకు అది శ్రుతి చూపే ట్యూనర్. నిజానికి శాఖ లాబ్‌లో చేసిన ట్రాన్స్‌మిటర్. బటన్ నొక్కితే ఆ గదిలో మాటలు అనిరుధ్ చెవిలో పడతాయి. నాగశ్రీ వాయిద్యం అందుకుని, చూస్తున్నట్టుగా బటన్ నొక్కి, సింధూకు ఇచ్చింది.

“సి పట్టు,” అన్నది.

“ఏంది?”

“ఒక్కసారి సి పట్టు, సింధూ. పొద్దున నాలుగుసార్లు తప్పినావు.”

సింధూ ఆమె ముఖం చూసింది. తర్వాత తన ఎడమ పక్కకు చెయ్యి చాచింది. బ్యాగ్ అక్కడ లేదు. తినే చాప మీద సంచులు పెడితే మాబున్ని ఊరుకోదు. అన్నాలప్పుడే తీసుకుపోయి వంటింట్లో కొక్కేనికి తగిలించింది. పిస్టల్ అందులోనే ఉంది.

నాగభూషణం లుంగీ సర్దుకుంటూ లేచాడు. రివాల్వర్ సింధూ వైపు తిప్పాడు.

“ఎందుకు చేసినావని అడగనులే,” అన్నది నాగశ్రీ. “అడిగే ఓపిక లేదు.”

సింధూ నవ్వింది. “అదే కారణం అనుకో. నాకూ ఓపిక అయిపోయింది. వాళ్లు నలుగురు. ఈ నాగభూషణం మామ దగ్గర ఉండే దాంట్లో ఆరు గుండ్లు, అవీ పేలుతాయో పేలవో. వాళ్లు ఆగాలంటే ఇంకో రికార్డింగ్ పోవాల. ఒకటి పోయినాక ఇంకోటి పోతే వెనక పోయిందే లెక్క. నేను వాయించను.”

మూడూ ముప్పై ఒకటి.

“రెండో వరుసలో ఐదు తప్పులు పడాల,” అన్నది నాగశ్రీ, క్లిప్పులోంచి అనిరుధ్‌కు వినబడేట్టు. ప్రొద్దుటూరు, ఐదు గంటలు. ఖాళీ అయిన ఆ ఇంట్లో అప్పటికి అనిరుధ్ మనుషులుంటారు. నాగశ్రీ వాయిద్యాన్ని సిరాజుద్దీన్ ముందు పెట్టింది.

అతను తల అడ్డంగా ఊపాడు. “నా చేయి మూడువందల మందికీ తెలుసక్కా. మొదటి దెబ్బకే ఏసీ భాయ్ అంటారు. ఈమె నీకు నేర్పిందంటివి కదా. బొటనవేలితో కొట్టి కొంచెం ఆగేది, ఇద్దరికీ ఒకటే. నువ్వే వాయించాల.”

“నాకు ఇ రాదు, భాయ్.”

సింధూ గోడకు ఆనుకుని నిజమే అన్నట్టు కళ్లు మూసుకుంది.

ఇ దగ్గర ఆగితే అది ఆరో తప్పు, అదీ నాలుగో వరుసలో. వ్యాన్‌లోని మనుషులకు అర్థం కాదు, లేదా బాగా అర్థమవుతుంది. రెండూ ప్రమాదమే. ఐదు తప్పులు కావాలని చేయాలి. మిగతాదంతా తప్పు లేకుండా వాయించాలి. ఆమె బతుకులో ఒక్కసారీ అలా వాయించలేదు.

సిరాజుద్దీన్ ఆమె ఎదురుగా కూర్చున్నాడు. చావు వీధి చివర టీ తాగుతుంటే, అతను కొత్త శిష్యురాలు దొరికినట్టు నింపాదిగా ఉన్నాడు.

“మూడు వేళ్లు ఇరికించేది మర్చిపో,” అన్నాడు. “నీ వేళ్లు లావు, పట్టవు. ఉంగరం వేలు ఒక్కటి మూడు తీగల మీద పడుకోబెట్టు. చూపుడు వేలు కింది తీగకు. గట్టిగా నొక్కాకు, పడుకున్నట్టుండాల. నువ్వు శానా అలసిపోయినావు కదా, ఆ వేలినీ అట్లే పడుకోనీ.”

మొదటిసారి మోగలేదు. రెండోసారి బుస్సుమంది. ఏడోసారి తీగలన్నీ కలిసి మోగాయి. ఎనిమిదోసారి మళ్లీ మోగలేదు. అప్పటికి మూడూ నలభై ఆరు. నాగభూషణం మిద్దె మెట్ల మీదనుంచి చూసి, వ్యాన్‌లో ఇద్దరు దిగి సిగరెట్లు పారేస్తున్నారని చెప్పాడు.

నాగశ్రీ సింధూ వేలితో సింధూ ఫోన్ తెరిపించి, గ్రూపులోకి పోయి రికార్డింగ్ ఎర్రచుక్క నొక్కింది.

మొదటి వరుస సాఫీగా పోయింది. రెండో వరుసలో ఆరుసార్లు సి వస్తుంది. ఒకటి తప్పింది, రెండు తప్పింది. నెలల తరబడి తప్పకూడదని కష్టపడిన చేతికి కావాలని తప్పడం చాలా కష్టంగా ఉంది. ఐదు పూర్తి చేసి ఆరోది శుభ్రంగా పట్టింది. మూడో వరుసలో వంటింట్లో మాబున్ని గిన్నె పడేసింది. ఎవరూ కదల్లేదు. నాలుగో వరుస వచ్చింది. ఉంగరం వేలు పడుకుంది.

ఇ మోగింది.

‘మళ్లీ ప్రయత్నం’ అని రాసి పంపింది. చక్రం తిరుగుతూనే ఉంది. జమ్మలమడుగులో సిగ్నల్ ఎప్పుడూ అంతే. మూడూ యాభై నాలుగుకు వెళ్లింది. విన్నవాళ్ల సంఖ్య ఒకటయింది, ఆరయింది, పదకొండయింది. వాళ్లలో తమక్కావలసిన ఒక్కడున్నాడో లేదో తెలియదు.

మూడూ యాభై ఎనిమిదికి వ్యాన్ స్టార్టయింది. సందులోకి వచ్చింది. ఇంటి ముందు నిలబడింది. సిరాజుద్దీన్ యుకులేలేను ఒళ్లో పెట్టుకుని, తీగల మీద అరచెయ్యి వేసి మోగకుండా పట్టుకున్నాడు. నాగభూషణం రివాల్వర్‌ను తలుపు వైపు తిప్పాడు. సింధూ కూడా ఊపిరి బిగబట్టింది.

సందులో బండి తిప్పే చోటు అక్కడే ఉంది. వ్యాన్ వెనక్కి ముందుకు మూడుసార్లు కదిలి, తిరిగి, ప్రొద్దుటూరు రోడ్డు పట్టింది.

* * *

ఐదూ పదికి అనిరుధ్ ఫోన్ చేశాడు. నలుగురూ ఖాళీ ఇంటి తలుపు పగలగొట్టి, నేరుగా తన మనుషుల చేతుల్లోకి నడిచారట. ఐదున్నరకు రెండు జీపులు వచ్చాయి. ఒకదాంట్లో సింధూ, నాగభూషణం. జీపు ఎక్కేముందు చున్నీ సర్దుకుంటూ సింధూ నాగశ్రీతో ఒక్క మాటే అన్నది.

“ఇ బాగా పట్టినావు.”

ఇంకోదాంట్లో సిరాజుద్దీన్. యుకులేలేను శాఖ పేపర్లలో రాయలేదు కాబట్టి నీ దగ్గరే ఉండనీ అక్కా అన్నాడు. ఒక్కసారైనా నీ పేరుతో పెట్టు అన్నాడు.

అతను పోయాక నాగశ్రీ గ్రూపు తెరిచింది. సింధూ రికార్డింగ్ కింద నలభై ఒక్క మెచ్చుకోళ్లు. సి దగ్గర పోయినా పర్వాలేదు, ఇ మాత్రం అదిరిపోయిందని మస్కట్ డ్రైవర్ రాశాడు. గిన్నె పడినప్పుడు కూడా ఆగలేదు చూడండని చక్రాయపేట టీచర్ రాసింది. అరటితోట అకౌంట్ ఆరు గంటలకల్లా తీసేయమని అనిరుధ్ ఆర్డర్. ఐదూ నలభై ఎనిమిది.

ఆమె హాల్లో కూర్చుని మొదలుపెట్టింది. ఇ మోగలేదు. మళ్లీ మొదలుపెట్టింది. మోగలేదు. ఐదోసారి, చివరి వరుస దగ్గరికి వస్తుండగా, మాబున్ని వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె చేతిలో నాగశ్రీ చెప్పులున్నాయి.

“పొద్దున్నించి ఇదే ముక్క వింటాండా. తుపాకులన్నా ఒకసారి పేలి ఊరుకుంటాయి. నాకు నమాజుకు టైమయితాంది, ఆడ బయట కూర్చుని వాయించుకోపోమే.”

నాగశ్రీ ఎర్రచుక్క ఆపలేదు. ఒక చేత్తో వాయిద్యం, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని మెట్టు మీదికి వచ్చి కూర్చుంది. ఉంగరం వేలిని పడుకోబెట్టింది. ఇ మోగింది.

వెనకనుంచి మాబున్ని తలుపు దబ్బున మూసింది. ఆ చప్పుడు కూడా రికార్డింగ్‌లో పడింది. కోత వద్దన్నది సంఘం నియమం.