కనుబొమ్మ లేని పిట్ట

పిట్ట సంగతి తేల్చడానికి మా అంకోబర్ కొండకు వచ్చి, తానే మునిగిపోయినవాడు వొండోసన్ ఒక్కడే.

అడిస్ అబాబా మ్యూజియం వాళ్లు పంపారతన్ని. చేతిలో పట్టా ఉంది గానీ పిట్ట చిక్కలేదు. పిచ్చుకంత గోధుమరంగు చారల పిట్టలు ఇక్కడ రెండు తీరుల్లో కనిపిస్తాయి. ఒకదానికి తెల్ల కనుబొమ్మ ఉంటుంది, రెండోదానికి ఉండదు. లేనిది ఉన్నదాని పిల్లేనని అతని వాదన.

బార్లీ కోస్తున్న త్సెదాలె తొలిరోజే కొట్టిపారేసింది. కనుబొమ్మ ఉన్నది కళ్లంలోకి వస్తుందట, లేనిది కొండ అంచు పొదలు వదలదట.

"చిన్నపిల్లలండీ. మీసాల్లాగే, పెద్దయ్యాక వస్తాయి" అన్నాడు వొండోసన్.

"మీకింకా రాలేదుగా. మిమ్మల్ని ఏ జాతిలో వేయాలి?"

కొలతల మనిషికి ఆ రోజే కలత మొదలైంది.

మూడు వారాలు రోజూ పొద్దున్నే వాళ్లింట్లో కాఫీ. త్సెదాలె తల్లి అస్సెగెదెచ్ గింజలు వేయించి, దంచి, మూడు విడతలు పోసేది. మూడో కప్పు దీవెన కప్పు. అతనేమో మంచు విడుతోందంటూ రెండో కప్పుకే లేచి అంచుకు పరుగెత్తేవాడు.

ఆఖరి రోజు, బస్సుకు ముందు, పెరటి గోడ దగ్గర మనసు విప్పాడు. త్సెదాలె కాదనలేదు.

"అమ్మ మిమ్మల్ని ఎప్పుడో ఒక గూట్లో వేసేసింది. దీవెనకు ఆగనివాడు పెళ్లాం దగ్గర ఎన్నాళ్లు ఆగుతాడంటోంది."

అతను లోపలికి వెళ్లి కూర్చున్నాడు.

రెండో కప్పయింది. బస్సు హారన్ మోగింది. కదల్లేదు. అస్సెగెదెచ్ కావాలనే నెమ్మదిగా నీళ్లు మరిగించింది.

మూడో కప్పు చేతికొచ్చేసరికి గుమ్మం ఎదుట మంచు విడింది. అంచు పొద మీద కనుబొమ్మ లేని పిట్ట. దాని పక్కనే రెక్కలాడిస్తూ నోరు తెరిచిన పిల్ల. పెద్దది దాని నోట్లో గింజ పెట్టింది.

తల్లికే కనుబొమ్మ లేదు.

మూడు వారాల రాతను అతను ఒక్క గీతతో కొట్టేశాడు. చెయ్యి బైనాక్యులర్ వైపు వెళ్లింది గానీ కాళ్లు లేవలేదు. కాఫీ చివరి చుక్క దాకా తాగి, దీవెనకు తల వంచాడు. కొండ మలుపులో బస్సు చప్పుడు సన్నబడింది.

"పిట్టను వేరే గూట్లో వేశావా?" అడిగింది అస్సెగెదెచ్.

"వేశానమ్మా. మీ అమ్మాయి మాటే నిజం."

"అయితే నీ గూడూ మార్చాల్సిందే. పెద్దల్ని పంపు, నాయనా. మూడు కప్పులకీ తీరుబడి చేసుకుని రమ్మను."