సార్జెంటు గుడిసెలో తుపాకి తనిఖీ

ఆ గుడిసెలో పడుకోవడం కంటే రాత్రంతా వానలో నిలబడి తడవడం నయమని మాలో మొనగాళ్ళే అనేవారు. రెండు ఏర్లు కలిసే చోట, అడవి అంచున, రేకు కప్పిన ఒంటి గుడిసె. పేరు సార్జెంటు గుడిసె. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకులు బాగుచేసిన సార్జెంటు ప్రూయెట్ అనేవాడు పెన్షన్ పుచ్చుకుని అక్కడే ఒంటరిగా బతికాడు. ఒక వరదలో అక్కడే పోయాడు. పోయాడు గానీ... డ్యూటీ మాత్రం దిగలేదు. రాత్రిపూట వచ్చి తుపాకి చూపించమంటాడట!

దెయ్యమన్నాక రక్తం అడగాలి, లేదా కోడిని అడగాలి. గొట్టం తుడిచావా లేదా అని అడిగే దెయ్యాన్ని నేనెక్కడా వినలేదు.

నాది గుర్రాల మీద సరుకులు మోసే పని. కొండల మీద పచ్చన్నది మిగలకుండా మేసేస్తున్నాయని దుప్పులను కాల్చడానికి న్యూజీలాండ్ సర్కారు జీతమిచ్చి మనుషులను పెట్టిన రోజులవి. కాల్చినట్టు రుజువు తోక. ఆ కాల్చేవాళ్ళలో మెర్వ్ టాస్కర్ ఒకడు. హోకిటికా అనే ఊళ్ళో మాంసం కొట్టువాడి కొడుకు, ఇరవై ఏళ్ళవాడు. ఇది వాడు చెప్పగా విన్నదే. వాడి మాటల్లో సగం తీసెయ్యాలని నాకూ తెలుసు. తీసేశాకే చెబుతున్నాను.

సైన్యం వదిలించుకున్న త్రీ నాట్ త్రీ తుపాకి కొనుక్కోవడం, బరువు తగ్గేలా గొట్టం కింది చెక్క కోసెయ్యడం, తీగలకు తగులుకోకుండా గొట్టం పొట్టి చెయ్యడం అందరూ చేసేదే. మెర్వ్ కూడా కోశాడు. వంకరగా పోయింది. సరిచెయ్యడానికి మళ్ళీ కోశాడు. పిల్లుల రొట్టె పంచిన కోతిలా ఇటు కాస్త, అటు కాస్త...

"ఇది తుపాకా, అప్పడాల కర్రా?" అన్నాను.

"బరువు తగ్గించాను బాబాయ్. నువ్వూ తగ్గించరాదూ?" అని నా పొట్ట తట్టాడు.

వాడి పై అధికారి హాడెన్ మాత్రం నవ్వలేదు. "పదిహేను రోజులు చూస్తాను. ఒక్క తోకైనా లేకుండా వచ్చావో, పోయి మీ నాన్న దగ్గర ఎముకలు కొట్టుకో" అన్నాడు.

పద్నాలుగు రోజులు వానలోనే గడిచాయి. ఒక్క తోక లేదు. ఆ సాయంత్రం ముందూ వెనకా ఏరు పొంగింది. మిగిలిన చోటు ఒక్కటే...

మెర్వ్ తలుపుకు అడ్డకర్ర వేశాడు. టీ కాచుకున్నాడు, రొట్టె తిన్నాడు. గొట్టం కొస ఇంకా నునుపు కాలేదని ఆకురాయి పట్టుకుని కొవ్వొత్తి అయిపోయేదాకా రాకుతూనే ఉన్నాడు. తర్వాత పడుకున్నాడు.

ఎప్పుడో మెలకువ వచ్చింది. బయట ఏటి హోరు. ఆ హోరులో... గులకరాళ్ళ మీద అడుగులు.

ఒకటి — రెండు. ఒకటి — రెండు.

దుప్పులు కవాతు చెయ్యవు. అడుగులు తలుపు దాకా వచ్చాయి. అడ్డకర్ర కదల్లేదు, తలుపు తెరుచుకోలేదు. అయినా అడుగులు మాత్రం... లోపల ఉన్నాయి.

"తుపాకి."

గుసగుసే. కానీ సైన్యంలో మూణ్ణెల్లు తప్పనిసరి శిక్షణ అయినవాడు మెర్వ్. పారిపోదామని బుర్ర అనుకునేలోపే కాళ్ళు లేచి నిటారుగా నిలబడ్డాయి — ఒంటి మీద ఉన్ని లాగూ తప్ప ఏమీ లేదు. చీకట్లోకి తుపాకి చాచాడు. చేతుల్లోంచి బరువు పోయింది.

టక్... టక్... తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక నిట్టూర్పు.

"ఎవడ్రా దీన్ని కోసింది?"

"నే... నేనేనండి, సార్జెంటు గారూ."

"దేంతో? పళ్ళతోనా?"

"రంపంతోనండి..."

"నాలుగేళ్ళు... బురదలో, ఫిరంగుల కింద... ఇలాంటివి వేలకొద్దీ చూసుకున్నాను. ఒక్కదాని మీద గీత పడనివ్వలేదు. దాన్ని తెచ్చి... ఛీ!"

అప్పటిదాకా భయంతో చచ్చిన మెర్వ్‌కి అప్పుడు సిగ్గేసిందట. నిజంగా సిగ్గేసిందట.

"రేపు మళ్ళీ తనిఖీ."

ఒకటి — రెండు... అడుగులు ఏటి వైపు పోయాయి.

తెల్లారేసరికి వాన వెలిసింది. తుపాకి గోడకు ఆనించి ఉంది. కల అనుకుని నవ్వుకుంటూ తలుపు తీశాడు. నలభై అడుగుల్లో, తల వంచుకుని గడ్డి మేస్తూ — కొమ్ముల దుప్పి!

తోక! ఉద్యోగం! తుపాకి లాక్కుని భుజానికెత్తాడు, బోల్టు వెనక్కి లాగబోయాడు...

బోల్టు లేదు. గుండును లోపలికి తోసి పేల్చేదే అది. అది లేనిదే తుపాకి లేదు.

పక్క దులిపాడు, బూట్లు బోర్లించాడు, పొయ్యిలో బూడిద కెలికాడు. దుప్పి తలెత్తి వాణ్ణొకసారి చూసి, తీరిగ్గా అడవిలోకి నడిచిపోయింది. మెర్వ్ ఏడ్చాడు. "ముసలి పిశాచమా, నా నోటికాడ కూడు లాగేశావు కదరా!" అని ఏటికేసి అరిచాడు.

గొట్టంలోంచి ఇంకేం ఊడబీకాడో చూద్దామని, వెనక నుంచి కన్ను పెట్టాడు. అవతల కాసంత ఆకాశం కనబడాలి.

ఏమీ కనబడలేదు.

గొట్టం కొస రాకేటప్పుడు రజను లోపల పడకుండా జిడ్డు గుడ్డ కుక్కుతారు. పని అయ్యాక తీసేస్తారు. మెర్వ్ తియ్యకుండా పడుకున్నాడు. దుప్పిని కాల్చి ఉంటే గుండుకు ఆ గుడ్డ అడ్డం పడి, గొట్టం వాడి మొహం ముందే పేలిపోయేది. హాడెన్‌కి తోక బదులు మెర్వ్ చెవి పంపాల్సి వచ్చేది.

తీగతో పొడిచి గుడ్డ బయటికి తీశాడు. వెనక్కి తిరిగాడు. బోల్టు గుమ్మం మధ్యలో ఉంది... అప్పటికి పదిసార్లు దాటిన గుమ్మం.

మధ్యాహ్నం ఏరు తగ్గాక నేను సరుకులతో చేరేసరికి వాడు అక్కడే కూచుని ఉన్నాడు. సాయంత్రం అదే దుప్పి మళ్ళీ వచ్చింది, తోక దొరికింది, ఉద్యోగం నిలిచింది. అది తర్వాతి సంగతి.

"నిద్రలో నువ్వే ఊడదీసి ఉంటావురా" అన్నాను. పగటిపూట నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు.

వాడు బోల్టు నా చేతిలో పెట్టాడు. మచ్చ లేదు. ప్రతి సందులోనూ పల్చగా, పొందిగ్గా, నూనె రాసి ఉంది.

వాణ్ణి పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును, బోల్టుకు కాదు గదా, తలకైనా నూనె రాసిన మొహం కాదు వాడిది.