వలపాటకు వంత

ఆ సాయంత్రం మా ఊరి తుఫాను షెల్టర్‌లో కచేరీ. వాయించేది పోలారావు బావ అక్క కూతురు సౌజన్య. విశాఖలో పెరిగి, బయటి దేశంలో హార్ప్సికార్డ్ నేర్చుకొచ్చింది. చూడ్డానికి పియానోలాగే ఉంటుంది గానీ, మీట నొక్కితే లోపల ఈకముక్క తీగను మీటుతుంది. పలాస స్టేషన్ నుంచి వ్యాన్‌లో తెచ్చారు. దించేటప్పుడు పోలారావు బావ చెయ్యి వెయ్యలేదు. సలహాలు మాత్రం అందరికీ సమానంగా పంచాడు.

సౌజన్య మొదట మూడొందల ఏళ్లనాటి ఐరోపా సంగీతం వాయించింది. అందులోంచే మెల్లగా జాజ్‌లోకి జారింది. ముందు కాగితం లేదు, అప్పటికప్పుడు అల్లుకోవడమే. మా ఊరి బడి టీచరు కమలకుమారి కునుకుతూ తలూపి రసికురాలనిపించుకుంది. బయట చీకటి పడింది. ఎండుచేపల వాసన, ఉప్పుగాలి, కెరటాల చప్పుడు.

"మీలో ఎవరైనా ఒక పాట ఎత్తండి. దాన్ని పట్టుకుని వాయిస్తాను," అంది సౌజన్య.

గౌరమ్మ లేచింది. ఆమె మొగుడు ఎల్లాజీ తుఫానులో వేటకెళ్లి తిరిగి రాలేదు. వల లాగేటప్పుడు పాట ఎత్తేవాడు అతనే. మిగతావాళ్లు వంత పాడుతూ తాడు లాగేవారు. ఇప్పుడా పాట పూర్తిగా వచ్చింది గౌరమ్మ ఒక్కతెకే. కానీ పొద్దుగూకాక ఒడ్డున వలపాట ఎత్తకూడదు. తిరిగి రానివాళ్లు అవతలి కొస పట్టుకుంటారట. ఎత్తినవాళ్లు తాడు ఒగ్గమనేదాకా, అంటే వదలమనేదాకా, లాగుతూనే ఉంటారట.

"కూకో గౌరమ్మా," అన్నాడు పోలారావు బావ.

"ఇన్నేళ్లు కూకున్నాను బావా. నాతోపాటు ఈ పాట కూడా పోవాలేటి?"

ఎత్తింది. సౌజన్య వేళ్లు అందుకున్నాయి.

వంత వచ్చింది.

మాలో ఎవరూ నోరు విప్పలేదు. సముద్రం వైపు తలుపులోంచి వచ్చింది... తడిగా, బరువుగా... చాలా గొంతులు.

రెండో వరస. వంత దగ్గరకొచ్చింది.

హార్ప్సికార్డ్ కదిలింది. కాళ్లు గచ్చును గీరుతూ... తలుపు వైపు...

మేమంతా వెనక గోడకి అంటుకుపోయాం.

"ఆపీ అమ్మా..." గొణిగాడు పోలారావు బావ, తువ్వాలు నోట్లో కుక్కుకునే ముందు.

"మధ్యలో ఆపను మావయ్యా," అంది సౌజన్య. దాంతోపాటే జరుగుతూ వాయిస్తోంది.

గౌరమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. చీకట్లోకి చూసి, నెమ్మదిగానే అంది.

"మావా, నీ గొంతు నాకు తెల్సు. నువ్వు పోయావు. ఈ పాట నాది. ఎత్తింది నేను. తాడొగ్గీ."

లాగుడు ఆగింది. సౌజన్య చివరి వరస కూడా వాయించాకే చేతులు తీసింది.

ఇప్పుడు గౌరమ్మ కావాలనే పొద్దుగూకాక పాడుతోంది. అడ్డు చెప్పే మొనగాడు లేడు. పోలారావు బావ మాత్రం వేట మానేసి సోంపేటలో కొబ్బరికాయలు అమ్ముకుంటున్నాడు. ఆ వంతలో, తిరిగి రానివాళ్ల మధ్య, ఒక గొంతు అచ్చంగా అతనిదే మరి. అప్పుడతను నా పక్కనే ఉన్నాడు, నోట్లో తువ్వాలుతో. నేనైతే రోజూ పడవెక్కుతూనే ఉన్నాను, అతని పిరికితనం ఊరంతా చెప్పి నవ్విస్తూ.

నిన్న గౌరమ్మకీ చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఆ వంతలో పోలారావు బావ గొంతు పక్కన పాడింది నువ్వే గదేటి తమ్ముడూ," అంది. "నీ గొంతు నువ్వు పోల్సుకోనేదేటి?"