కోటిరత్నం కేకు కుంపటి

"అమ్మకి ఊపిరాడటం లేదే! ఏం తగలబెట్టావే కుంపటి మీద?"

భర్త అంకమ్మరావు కేకకు కోటిరత్నం గుండె ఆగినంత పనయింది! పెరట్లో బట్టలు ఆరేస్తున్న మనిషి, చేతిలో తడిచీర అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. గుమ్మం దాటిందో లేదో గొంతులో మంట... కళ్లలో మంట! మిరపకాయలు మాడిన ఘాటు ఇల్లంతా కమ్ముకుని ఉంది. కేకు కోసం కుంపటి మీద పెట్టిన డేకిసాలోంచే వస్తోంది ఆ పొగ! కేకులోకి మిరపకాయ ఎట్లా వచ్చింది? ఆలోచించే వ్యవధి ఎక్కడుంది! వసారాలో అత్తగారు దుర్గాంబ మంచం పట్టె పట్టుకుని ఎగశ్వాస తీస్తోంది. అసలే ఉబ్బసం మనిషి... పెదవులు నల్లబడిపోయాయి.

అంకమ్మరావు గోనెపట్టాతో డేకిసా పట్టుకుని పెరట్లోకి విసిరేశాడు. "నా తల్లిని చంపడానికే నేర్చుకున్నావా ఈ కేకులు? ఆమెకేమన్నా అయిందో... నీకూ ఈ ఇంటికీ చెల్లు! మీ అన్న వచ్చి తీసుకుపోతాడు!" అని, పక్కింటివాళ్ల ట్రాక్టరు మీద తల్లిని పడుకోబెట్టుకుని దగ్గర్లోని పేటలో డాక్టరు దగ్గరికి వెళ్లిపోయాడు. "నేనూ వస్తానండీ..." అని వెంటపడ్డ కోటిరత్నం వైపు తిరిగి కూడా చూడలేదు.

ఇరవై రెండేళ్ల కాపురం. ఒక్క పూట పొగతో చెల్లయిపోతుందా! అయిపోతుంది. ఆడదాని కాపురం మనవాళ్లు కట్టేది ఎప్పుడూ అంత గట్టిగానే మరి!

అసలు ఈ కేకుల పిచ్చి ఆమెకు ఎట్లా పట్టిందంటే... ఒక్కగానొక్క కూతురు కాపురానికి వెళ్లిపోయాక కోటిరత్నానికి మధ్యాహ్నాలు గడిచేవి కావు. మిరపకోతలు అయిపోయి, కల్లంలో కాయలు ఆరుతుంటే ఇంట్లో చెయ్యాల్సింది పెద్దగా ఉండదు. పేటలో అలీ సాహెబ్‌కు చిన్న బేకరీ ఉంది. ఆయన భార్య గుల్జార్ బేగం వీళ్ల వీధిలోనే ఉంటుంది. ఆవిడే నేర్పింది. డేకిసాలో బెత్తెడు ఇసుక పోసి, పిండి కలిపిన గిన్నె అందులో కూర్చోబెట్టి, కింద కుంపటి, మూత మీద నాలుగు నిప్పులు. అంతే! వాగు ఇసుక తెచ్చి, కడిగి, జల్లించి, ఎండబెట్టుకుంది కోటిరత్నం. తన కోసం తను ఏదైనా తెచ్చుకోవడం పెళ్లయ్యాక అదే మొదలు.

మొదటి కేకు కుంగిపోయింది. ఉడికిందో లేదోనని మాటిమాటికీ మూత తీసి చూసింది మరి! ఏడుపొచ్చేసింది. బేగం పడీపడీ నవ్వింది. "పోయింది పిండేగా రత్నమ్మా! ఏడవటానికి ఇంకేం దొరకలా?" అంది. నిజమే కదా అనిపించింది. పప్పు ఉడకకపోతే గరిటెతో మెదుపుతాం. కూర మాడబోతే నీళ్లు చిలకరిస్తాం. కేకు దగ్గర ఆ పప్పులేవీ ఉడకవు! మూత పెట్టాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు. ఇంట్లో ఏది చెడినా తనదే పూచీ అనుకుంటూ పరుగులు పెట్టిన మనిషికి, చెయ్యాల్సింది చేసి ఊరికే కూర్చోవచ్చని ఎవరూ చెప్పలేదు. ఆ డేకిసా చెప్పింది! ఇంకో సంగతి కూడా... కూరలో ఉప్పు ఎక్కువైందని, పులుసు పలచనైందని వంక పెట్టే ఆ ఇంట్లో, కేకుకు వంక పెట్టడం ఎవరికీ చేతకాదు. ఎట్లా ఉండాలో వాళ్లకు తెలిస్తేగా!

ఇప్పుడు ఆ కేకు పెరట్లో మన్ను కొట్టుకుని పడి ఉంది. కోటిరత్నం చీపురు తీసుకుని వంగింది. గొడవ విని వచ్చిన గుల్జార్ బేగం, చల్లారిన ఇసుకను గుప్పెట్లోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే తుమ్ము!

"ఇది నీ ఇసుక కాదు రత్నమ్మా! చూడు... తొడిమెలు, గింజలు, మిరపపొడి! ఇది కల్లం పక్కనిది. ఎవరు పోశారు?"

కోటిరత్నం చుట్టూ చూసింది. వసారా మూలలో మంచినీళ్ల కుండ కింద కొత్తగా ఇసుక పోసి ఉంది. ఎండలు ముదిరాయి కదా... కుండ చల్లగా ఉండాలని తడి ఇసుక మీద పెడతారు. తెల్లగా, సన్నగా, జల్లించిన ఇసుక... తనదే! పొద్దున తను రేవుకు వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్నది అత్తగారొక్కతే. ఆవిడే డేకిసాలో ఇసుక కుండ కిందికి తీసి, బదులుగా కల్లం పక్కన ఎత్తుకొచ్చి పోసింది. పెద్దావిడకు ఇసుకంటే ఇసుకే. చూపు కూడా సరిగా ఆనదు. తనేమో వచ్చీరాగానే చూసుకోకుండా గిన్నె కూర్చోబెట్టింది.

"మీ ఆయన రాగానే చెప్పెయ్" అంది బేగం.

"ఏం చెప్పేది అక్కా? మీ అమ్మ ప్రాణం మీదికి మీ అమ్మే తెచ్చుకుందని చెప్పేదా? ఆవిడ తిరిగొస్తే చాలు..." కోటిరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది.

దేవుడి దయవల్ల దుర్గాంబ తిరిగొచ్చింది. కానీ ఆవిడ వెనకే దర్శి నుంచి ఆడపడుచు కనకలక్ష్మి దిగింది! కష్టానికి రాని బంధువులు నింద వెయ్యడానికి మొదటి బస్సుకే వస్తారు. వచ్చింది మొదలు తల్లి మంచం దగ్గరికి వదినను రానివ్వలేదు. మందులు తనే, గంజి తనే. "నువ్వు ముట్టుకోబోకు వదినా! ఈసారి ఏం కలుపుతావో!" అంది. అంకమ్మరావు విన్నాడు. భార్యతో మాట మానేశాడు. అన్నం కూడా చెల్లెలు వడ్డిస్తేనే తింటున్నాడు. తన ఇంట్లో తను అంట్లు తోముకుంటూ, బట్టలుతుక్కుంటూ, ఎప్పుడు పొమ్మంటారోనని కోటిరత్నం రోజులు ఈడ్చింది. కబురందుకున్న అన్న ఆదివారం వస్తున్నాడని తెలిసింది. పెట్టె సర్దుకోవాలా... వద్దా... అని అడగడానికి కూడా మనిషి లేడు!

ఆదివారం పొద్దున పలకరించడానికి వచ్చిన ఇరుగుపొరుగు అమ్మలక్కలు వసారాలో కూర్చున్నారు. కనకలక్ష్మికి నోరు ఊరుకుంటుందా!

"ఏం చెప్పమంటారు పిన్నీ! కేకులంట, షోకులంట! ముసలిదాన్ని పొగపెట్టి చంపబోయింది. అన్నయ్య కాబట్టి ఇన్నాళ్లూ ఉంచుకున్నాడు."

"నోరు ముయ్యవే!"

అందరూ ఉలిక్కిపడ్డారు. మంచం మీది దుర్గాంబ గొంతు అది! గాలి చాలక ఆగి ఆగి వచ్చింది.

"ఆ ఇసుక పోసింది నేనే. కుండ కిందికి కావాల్సొచ్చి దానిది తీసుకున్నా. కల్లం కాడిది తెచ్చి దాని డేకిసాలో పోశా. మంచంలో పడుకుని అదే ఆలోచిస్తున్నా... ఎట్టా మాడిందా అని. ఇయ్యాల తట్టింది నా బుర్రకి."

గడప దగ్గర నిలబడ్డ అంకమ్మరావు తల వంచుకున్నాడు.

దుర్గాంబ కోడలిని దగ్గరికి పిలిచింది. "కుండ కింద చూశావు కదే? నీకు తెలుసు కదే? ఎందుకు చెప్పలేదు?"

కోటిరత్నానికి ఏడుపు రాలేదు. ఏడ్చి ఏడ్చి అది కూడా అలిసిపోయింది కాబోలు!

"మీరు ఊపిరికి కొట్టుకుంటుంటే ఇసుక పంచాయితీ పెట్టమంటారా అత్తయ్యా? ఆ తర్వాత చెబుదామంటే... నన్ను అడిగిందెవరు? ఏం జరిగింది రత్నం అని ఈ ఇంట్లో ఒక్కళ్లన్నా అడిగారా?"

గట్టిగా అనలేదు. మామూలుగానే అంది. దుర్గాంబ చెయ్యి చాచి కోడలి మోచెయ్యి పట్టుకుంది. ఎముకలు తేలిన ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు.

మధ్యాహ్నానికి అన్న వచ్చి, అన్నం తిని, బావతో రెండు మాటలు మాట్లాడి ఒక్కడే వెళ్లిపోయాడు. కనకలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి, "కంగారులో అన్నాను వదినా... మనసులో పెట్టుకోబోకు" అంది.

"పెట్టుకోటానికి ఓపికేదీ కనకం?" అంది కోటిరత్నం.

అంకమ్మరావు రెండుసార్లు వంటింట్లోకి వచ్చాడు, రెండుసార్లూ ఊరికే వెళ్లాడు. మూడోసారి గొంతు సవరించుకున్నాడు. "వాగు నుంచి నేనే ఇసుక తెస్తాలే రత్నం... నీ కేకులు నువ్వు చేసుకో."

"చూద్దాం లెండి. ఇవాళ నాకు ఒళ్లు కదలటం లేదు."

అని, వసారాలో చాప పరుచుకుని పడుకుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ పట్టపగలు నడుం వాల్చి ఎరగని మనిషి! ఎండ వాలింది. టీల వేళ దాటింది. కనకలక్ష్మి లేపబోతే దుర్గాంబ మంచం మీంచే చెయ్యి అడ్డంపెట్టి, "పడుకోనీయవే" అని గొణిగింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు. అంకమ్మరావు పొయ్యి వెలిగిస్తున్నాడు!

"రత్నం... టీ పొడి ఎక్కడే?"

అలవాటు కొద్దీ కోటిరత్నం అరచెయ్యి నేలకు ఆనింది, లేవడానికి. ఒక్క క్షణం అట్లాగే ఉంది. మళ్లీ తల చాప మీద వాల్చేసింది.

"పై అరలో... రేకుడబ్బాలో చూడండి" అంది కళ్లు మూసుకునే.

మూడు డబ్బాల మూతలు కింద పడ్డాయి. "దొరికింది!" అన్నాడు అంకమ్మరావు పెద్ద ఘనకార్యంలా. కాసేపాగి మళ్లీ అడిగాడు. "పంచదారో?"

అప్పటికే కోటిరత్నం నిద్రపోయింది.